నిప్పుబంతులకు వత్తి నెన్నుకొనుట



చీకటిలో కొఱవిని గిరగిర త్రిప్పినచో కంటికి నిప్పుచక్రము కానవచ్చును. నిజమునకు చక్రము లేదు. ఉన్నది కొఱవి కొనయందలి నిప్పుకణిక యొకటియే. మన పూర్వులు దీనికి అలాతచక్రమని పేరిడిరి. గౌడపాదాచార్యులవారు మాండూక్యకారికలలోని నాలుగవ ప్రకరణమునకు అలాతశాంతి యని పేరుంచి, ఈ జగత్తు మనకు తోచు విధమును కొఱవి దృష్టాంతముతోనే వివరించిరి. వేదాంతికి కావలసినది చక్రము లేదను మాట. నేటి నా ప్రసంగమునకు కావలసినది కొఱవి యున్నదను మాట. చక్రము కంటికి మాత్రమే తగులును. కొఱవి చేతికిని, కట్టిన బట్టకును, ప్రక్కనున్న పూరికప్పుకును తగులును. కావున నిప్పు త్రిప్పువాడు తన గొలుసు కొనను దేనిని కట్టవలయు నను చిన్న ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

జాతరలలోను, దసరా యూరేగింపులలోను కఱ్ఱసాము చేయు యువకులు కఱ్ఱ రెండు కొనలను వెలిగించి త్రిప్పుట మనవారికి క్రొత్త కాదు. ఇటీవల దానికి తోడుగా మఱియొక విద్య వచ్చినది. రెండు చేతుల రెండు గొలుసులు పట్టి, వాని కొనలయందు మండు బంతులను కట్టి, ఒడలిచుట్టు వలయములుగా త్రిప్పుదురు. దీనిని ఫైర్ పోయి యందురు. మన కుఱ్ఱలు దీనిని సెల్‌ఫోనులలో చూచి ముచ్చటపడుచున్నారు. ఒకనాడు వారిలో నొకడు మీ యరుగు కడకు వచ్చి, "తాతగారూ, ఈ యేటి జాతరలో నేను నిప్పు త్రిప్పెదను, సెలవిండు" అని యడుగవచ్చును. వలదనుట సులభము, వాడు ఊరి వెలుపలకు పోయి యెవరును చూడని చోట త్రిప్పును. కానిమ్మనుటయు సులభమే, తరువాత జరుగుదానికి మీరును బాధ్యులగుదురు. ఈ రెంటికంటె మేలైన మాట యొకటి కలదు. "నాయనా, నీ గొలుసు కొనను ఏమి కట్టితివో తెచ్చి చూపుము" అనుటయే యది. వాడు తెచ్చి చూపినదానిని పరీక్షించుటకు వలసినంత తెలివి మీకు కలుగవలయునని నా కోరిక.

ముందుగా ఈ విద్య పుట్టుక. పోయి యను మాటకును మన వంటింటి పొయ్యికిని చుట్టఱికము లేదు. అది న్యూజీలాండు ద్వీపములయందలి మావోరీ జాతివారి పలుకు. బంతి యని దాని యర్థము. అచ్చటి హరకెకె యను మొక్క ఆకులనుండి కిత్తనారవంటి గట్టినార తీయుదురు. ఆ నారతోను, మన చెఱువులలో పెరుగు జమ్మునకు దాయాదియైన రౌపో యను జమ్ముతోను వారు బంతులల్లి, త్రాళ్ళకు కట్టి, పాటకు లయ తప్పక త్రిప్పుచు నాట్యమాడుదురు. పొట్టిత్రాటి బంతులు కొన్ని, పొడుగుత్రాటివి కొన్ని. ఇవి స్త్రీల నాట్యమునకు పేరెన్నికగన్నవి. పురుషులు ఆయుధవిద్యకై మణికట్టును వశపఱచుకొనుటకు వీనిని త్రిప్పెడివారని చెప్పుదురు. ఆ పాతబంతులలో నిప్పు లేదు. మావోరీల బంతికి నిప్పంటించుట ఇరువదవ శతాబ్దమున వచ్చిన పోకడ.

పసిఫిక్ మహాసముద్రమందలి సమోవా ద్వీపవాసులకు కత్తి త్రిప్పు నాట్యము తాతలనాటిది. ఫ్రెడీ లెటూలీ యను సమోవా నర్తకుడు 1946వ సంవత్సరమున అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఆ కత్తికి మొదటిసారిగా నిప్పు చేర్చెనని ప్రతీతి. అచ్చట నిప్పు మ్రింగు హిందువు నొకనిని చూడగా ఆయనకు ఈ యూహ పొడమినదనియు, ఆ హిందువే నూనె యిచ్చెననియు, తువాళ్ళను కత్తికి చుట్టి వెలిగించుకొనెననియు ఆ కథ చెప్పువారందురు. మన దేశస్థుని చేయి అందు కొంత కలదన్న సంతోషము నటుండనిండు. మనము గమనింపవలసినది ఆ తువాలు. నిప్పు త్రిప్పువారందఱును మొదట చేతికందిన గుడ్డనే చుట్టిరి. ఆ గుడ్డనుండి నేటి వత్తివఱకు జరిగిన మార్పంతయు ఒక ప్రశ్నకు సమాధానమే: మండుచున్నది వత్తియా, నూనెయా?

వత్తి యను మాట సంస్కృతమందలి వర్తి నుండి పుట్టినది. ఆ భాషలో వత్తికి దశ యనియు పేరు కలదు. దశ యనగా మనుష్యుని యవస్థయు నగును. నూనెకు స్నేహమని పేరు. స్నేహమనగా చెలిమియు నగును. స్నేహ మున్నంతవఱకు దశ నిలుచును, స్నేహము తఱిగినచో దశ మాడును అని కవులు శ్లేషలు కూర్చిరి. ఇది కవిచమత్కారము మాత్రమే కాదు. భౌతికశాస్త్రము కూడ నిదియే. ప్రమిదలోని దూదివత్తిని చూడుడు. నూనె యున్నంతసేపు కొన కొంచెము నల్లబడునే గాని వత్తి తఱుగదు. నూనె యింకినంతనే కొన యెఱ్ఱబడి, పొగలు గ్రక్కి, బూడిదయగును. దారముల నడుమ వెండ్రుకవాసి సందులు కలవు. నూనె వానిలో తనంత తానే యెగబ్రాకి, కొనయందు వేడికి ఆవిరియై, ఆ యావిరి మండును. ఆవిరి యగుటకు నూనె వేడిమిని తీసికొనును గనుక వత్తి చల్లగా నుండును. కిరసనాయిలు సుమారు 150 మొదలు 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో మరగును. తడిసియున్నంతసేపు వత్తి యంతకు మించి వేడెక్కదు. పైనున్న మంట అంతకు ఎన్నో రెట్లు వేడిదైనను వత్తికి హాని లేదు. నూనె యే వత్తికి గొడుగు.

అయితే ప్రమిద వత్తికిని గొలుసు వత్తికిని మూడు భేదములు కలవు. ప్రమిద వత్తికి అడుగున నూనెనిలువ యున్నది; గొలుసు వత్తికి తాను ఒకమాఱు త్రాగిన నూనె తప్ప వేఱు ఆధారము లేదు. ప్రమిద వత్తి కొన మాత్రమే మండును. గొలుసు వత్తి ఒడలంతయు మండును. ప్రమిద వత్తి కదలదు. గొలుసు వత్తి గాలిని చీల్చుచు తిరుగును. కావున ఈ వత్తికి మూడు గుణములు కావలయును. అది నిప్పుకు తాళవలయును. తగినంత నూనె పట్టి యుంచవలయును. గొలుసునుండి ఊడిపోరాదు. ఈ మూటిని వరుసగా విచారింతము.

మొదటిది నిప్పుకు తాళుట. ఇది వత్తి దేనితో చేయబడినదను దానినిబట్టి యుండును.

మన దివిటీలకు పాతపంచెల గుడ్డను ఇనుపకడ్డీకి బిగియ చుట్టి ఆముదమున ముంచెడివారు. శుద్ధమైన నూలు కరగదు, బొట్లుగా కారదు. అది మంచిగుణము. కాని మంట యాడినకొలది అంచులు కాలి పెళుసెక్కి, త్రిప్పునప్పుడు రవ్వలుగా రాలును. దివిటీ నిటారుగా పట్టినది గనుక రవ్వ పట్టినవాని పాదముకడ పడును. గొలుసు వత్తి రవ్వ ఎచ్చట పడునో చెప్పరాదు. వేఱేదియు దొరకనిచోట నూలుగుడ్డ వాడవచ్చును గాని, ఒకటి రెండు మాఱులు వెలిగించి దానిని పాఱవేసి క్రొత్తది కట్టవలయును. గోనెగుడ్డ అంతకంటెను తక్కువ; దాని పీచు త్వరగా విడిపోయి నిప్పుతో నెగురును.

నేటికాలమున గుడ్డ యనగా నూలే యని నమ్మరాదు. చూచుటకు నూలువలె నుండు బట్టలలో పాలియెస్టరు కలిసియుండును. మంచములకు అల్లు నవారు కూడ ఇప్పుడు పలుచోట్ల నైలానుదే. ఇవి సుమారు 220 మొదలు 260 డిగ్రీలలో కరగును. కరగి, మండుచునే, జిగురు బొట్లుగా జాఱును. ఆ బొట్టు చర్మముపై పడినచో తుడిచిన పోదు. అంటుకొని కాల్చుచునే యుండును. నా పాతశిష్యు డొకడు ఉత్సవమున కఱ్ఱ కొనలకు ఇంటనున్న పాతచీర చుట్టి త్రిప్పెను. మఱునాడు చేయి చూపినప్పుడు మోచేతి క్రింద చింతగింజలంత మచ్చలు ఆఱు లెక్కించితిని. "మాస్టరుగారూ, నూలుచీరయే యనుకొంటిని" అని వాడనెను. అనుకొనుట చాలదు, పరీక్షింపవలయును. ఆ పరీక్ష మన నేతగాండ్రకును బట్టల వర్తకులకును తెలిసినదే. గుడ్డనుండి నాలుగు దారములు లాగి, పట్టకారుతో పట్టి వెలిగింపుడు. కాగితము కాలిన వాసన వచ్చి, చేత నలిపిన పొడియగు మెత్తని బూడిద మిగిలినచో నూలు. నల్లపొగ వచ్చి, ముడుచుకొని, చల్లాఱిన పిమ్మట గట్టి పూసవలె మిగిలినచో అది వత్తికి పనికిరాదు. అట్టి బట్ట త్రిప్పువాని యొంటిపైన కూడ నుండరాదు.

కొందఱు తెలిసినవారమని రాతినారను తెత్తురు. ఆస్‌బెస్టాసని వ్యవహరింపబడు ఈ నార నిప్పుకు కాలదనుట నిజమే. కాని దాని సన్నపు ముక్కలు గాలిలో కలిసి ఊపిరితిత్తులలో చేరి, ఏండ్ల పిమ్మట క్యాన్సరు పుట్టించును. పాతకొలుముల కడనో, మూలబడిన యంత్రముల కడనో దొరకిన రాతినార త్రాటిని తాకకుండుటయే మేలు. గాజునార అంతటి విషము కాదు. అయినను కోసినప్పుడు సూదులవంటి నలుసులు లేచి చర్మమును, కండ్లను, గొంతును బాధించును. ఒరసికొని త్వరగా చినుగును. వత్తిపట్టీలోపల గాజునార యుండి, పైన వేఱు నార కప్పియున్నచో వాడవచ్చును. పైకప్పు అరిగి లోపలి తెల్లని గాజునార బయటపడినంతనే ఆ వత్తికి చెల్లుచీటీ వ్రాయవలయును.

ఆ పైకప్పు నార పేరు కెవ్లారు. అమెరికాలోని డ్యుపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ అను విదుషీమణి 1965వ సంవత్సరమున దీనికి మూలమైన పదార్థమును కనుగొనెను. పసుపువన్నెగల ఈ నారతోనే తుపాకిగుండ్లను ఆపు కవచములు నేయుదురు. ఇది కరగదు. సుమారు 450 డిగ్రీలు దాటిన పిమ్మటనే చెడనారంభించును. ఇంతకుముందు చెప్పిన నూనెగొడుగు క్రింద దీనికి ఆ వేడి తగులదు. అందుచేత నేడు లోకమంతటను నిప్పు త్రిప్పువారు కెవ్లారు పట్టీనో, త్రాటినో వత్తిగా వాడుచున్నారు. పట్టీని చూచినప్పుడు అది శుద్ధ కెవ్లారా, నూలు కలిసినదా, లోపల గాజునార యున్నదా యని అడిగి తెలిసికొనవలయును. శుద్ధమైనది ధర ఎక్కువైనను బహుకాలము మన్ను.

ఇచ్చట నొక హెచ్చరిక. నీటిపంపుల కడ్డీచుట్టు నీరు కారకుండ దూర్చు పసుపుపచ్చని త్రాడొకటి యంత్రసామగ్రి దుకాణములలో దొరకును. అదియు కెవ్లారు జాతి నారయే కావచ్చును. కాని దానికి నునుపుకై టెఫ్లాన్ పూత పట్టించుట కలదు. ఆ పూత మిక్కిలి వేడెక్కినచో వెలువడు ఆవిరి ఊపిరికి హాని చేయును. వన్నె యొకటియైనంత మాత్రమున వస్తువొకటి కాదు.

ఇక రెండవగుణము, నూనె పట్టుట. ఇది వత్తి యాకారమును, పరిమాణమును అనుసరించును. ఇచ్చట నొక సూత్రము జ్ఞప్తియందుంచుకొనిన చాలును. మంట పెద్దదగుట వత్తి పైవైశాల్యమునుబట్టి. మంట నిలుచుట వత్తి లోపల పట్టిన నూనెనుబట్టి.

వాడుకలో నున్న యాకారములు ముఖ్యముగా మూడు. పట్టీని చాపవలె బిగియ చుట్టి, నడుమ మేకు దూర్చినది చుట్టవత్తి. దీనికి పైవైశాల్యము తక్కువ, గర్భము ఎక్కువ. మంట అణకువగా నుండి చాలసేపు నిలుచును. పట్టీని విసనకఱ్ఱవలె ముందునకు వెనుకకు మడిచి, మడతల నడుమ సందులుండునట్లు పొడుగుమేకునకు గ్రుచ్చినది మడతవత్తి. సందులలో గాలి చొరబడును గనుక మంట పెద్దదై, త్వరగా ముగియును. త్రాటిని లోపలికి వెలుపలికి అల్లి బంతివలె బిగించినది ముడివత్తి. ఇది గుండ్రముగా నుండి నూనె బాగుగా త్రాగును. పైన లోహపుముక్క కానరాదు. చూపరులు మడతవత్తి మంటకే చప్పట్లు కొట్టుదురు. నేర్చుకొనువానికి మాత్రము చిన్న చుట్టవత్తియో, చిన్న ముడివత్తియో తగినది. మంట చిన్నదైనచో తప్పు చిన్నది. ముడివత్తికి మఱియొక మేలు కలదు. నేర్చుకొనువాని బంతి ఎన్నోమాఱులు వానికే తగులును. మెత్తని నార తగిలి పోయిన చుఱుక్కుమనును. మండుమంటలో కాగిన మేకుతల తగిలినచో వాత పడును. మేకున్న వత్తికి మేకుతల లోపలికి అణగి, పైన పట్టీ కప్పబడవలయును.

పరిమాణమందును మితము పాటింపవలయును. 5 సెంటీమీటర్ల వెడల్పుగల పట్టీతో పిడికిలికంటె చిన్నదిగా చుట్టిన వత్తి కిరసనాయిలుతో సుమారు 3 మొదలు 5 నిమిషములు మండును. నేర్చువానికి అంతకాలము చాలును. ఆ పిమ్మట చేయి అలసి లయ తప్పును. పెద్దవత్తి వలన మంట చేతికి చేరువగును, బరువు పెరుగును. వత్తి బరువును పొడిగా నున్నప్పుడు కాక నూనె త్రాగిన పిమ్మట తూచి చూడవలయును.

బరువు మాట వచ్చినది గనుక మూడవగుణమైన బిగువును గూర్చి చెప్పెదను. వడిసెల త్రిప్పి పంటచేలలో పిట్టలను తోలినవారికి ఇది బోధపడుట కష్టము కాదు. వడిసెలలోని ఱాయి తిరుగునప్పుడు చేతిని లాగు బలము ఱాతి బరువుకంటె ఎక్కువ. నూనె త్రాగిన వత్తి 150 గ్రాములు తూగిన దనుకొందము. గొలుసు 60 సెంటీమీటర్ల దనుకొందము. నిమిషమునకు 60 చుట్లు త్రిప్పినచో ఆ వత్తి గొలుసును సుమారు 360 గ్రాముల బరువువలె లాగును. 120 చుట్లు త్రిప్పినచో సుమారు 1450 గ్రాములవలె లాగును. వేగము రెండింతలైనచో లాగుడు నాలుగింతలగును. ఆ బలమే వత్తిని గొలుసునుండి పెఱికి జనసమూహము మీదికో, గడ్డివాము మీదికో విసరగలదు. నూనె ఎక్కువైనచో దానిని కూడ చినుకులుగా చల్లును. ప్రతి చినుకును మండుచునే పోవును.

కావున కట్టు గట్టిదై యుండవలయును. గొలుసు ఉక్కుది కావలయును. దారము, నైలాను త్రాడు, ప్లాస్టిక్కు వత్తి సమీపమున నుండరాదు. అల్యూమినియము 660 డిగ్రీలలో కరగును. మంటలోపల దానిని ఉంచుట తగదు. తుప్పు పట్టకుండ జింకుపూత పూసిన తీగయు మంటలో నుంచదగినది కాదు; ఆ పూత 420 డిగ్రీలకే కరగును, దాని పొగ పీల్చినవారికి జ్వరము వచ్చును. వత్తి నడుమ నుక్కు మేకో, ఉక్కు కొక్కెమో యుండి, గొలుసు కడియములు నోరు విప్పుకొనని విధముగా మూయబడవలయును. చేతిపట్టు వ్రేళ్ళకు తగిలించుకొను తోలు ఉచ్చులుగా నున్నచో జాఱదు. చేయి చాచి గొలుసును చంకవైపు చాపినప్పుడు వత్తి చంక వఱకు రావలయును. అంతకంటె పొడుగైనచో నేలకు కొట్టుకొనును. వత్తిని వెలిగింపకమునుపు గొలుసును దూలమునకు తగిలించి, వత్తికి 10 కిలోల బరువు కట్టి, కొంతసేపు వ్రేలాడనిండు. అది జరగలేదు, జాఱలేదు, కడియము విప్పుకొనలేదు అన్నచో, నేను చెప్పిన లాగుడునకు సుమారు ఏడింతలు తాళినదన్న మాట. ఇంతకుమించి నమ్మదగిన సాక్ష్యము కుఱ్ఱవాని మాటలో నుండదు.

వత్తిని గూర్చి చెప్పి నూనెను గూర్చి చెప్పకపోవుట, ఎద్దును కొని కాడిని మఱచుటవంటిది. పెట్రోలు ఎన్నడును వాడరాదు. దాని యావిరి గడ్డకట్టు చలిలో కూడ నిప్పంటుకొనును. డబ్బా మూత తీసినచోట అగ్గిపుల్ల గీయుట చాలును. కిరసనాయిలు 38 డిగ్రీలైనను వేడెక్కనిదే అంటుకొనదు. అందుచేతనే అది వత్తికి పట్టిన పిమ్మట నిదానముగా రాజుకొనును. అయినను మన రోహిణికార్తె పగటివేడి 38 డిగ్రీలు దాటునని మఱవకుడు. ఆముదము, నువ్వులనూనె అంతకంటె ఎంతో వేడియైనగాని అంటుకొనవు. అవి దివిటీకి మేలు గాని, తిరుగు వత్తికి వెలుగుట కష్టము. నోటిలో నూనె పోసికొని మంటపై నూదు ఆటను మీరు ఖండితముగా మాన్పింపుడు. ఊపిరితిత్తులలోనికి పోయిన కిరసనాయిలు చుక్కలు ప్రాణాంతకమైన వాపు తెచ్చును. అందుకు మంట తగులనక్కఱ లేదు.

వత్తిని నూనెలో ముంచి తీసిన పిమ్మట చుక్క కారనంతవఱకు పిండి, మూతగల డబ్బాలో విదిలింపవలయును. ఆ డబ్బాను మూతవేసి వెలిగించుచోటికి దూరముగా నుంచవలయును. క్రొత్తవత్తిని మొదటిమాఱు బాగుగా నాననిచ్చి, మంట తగ్గుముఖము పట్టినంతనే ఆర్పవలయును. మంట దానంతట అది ఆఱువఱకు త్రిప్పుట గొప్ప యని కుఱ్ఱలనుకొందురు. నూనె యింకిన పిమ్మట మండునది వత్తియే. స్నేహము తీఱిన పిమ్మట దశ నిలువదని చెప్పితిని గదా! ఆర్పుటకు నీరు చల్లరాదు. తడిపి పిండిన మందపు నూలుగుడ్డను కప్పి గాలి తగులకుండ బిగించిన చాలును.

ఇక మీ విధి. కుఱ్ఱవాడు వత్తి తెచ్చినప్పుడు ఈ విధముగా పరీక్షింపుడు. దారము లాగి కాల్చి చూడుడు. వత్తిని చేత నలిపి చూడుడు. బూడిదయో, పీచుముక్కలో రాలినచో త్రోసివేయుడు. మేకుతల బయటనున్నదా యని తడవి చూడుడు. 10 కిలోల బరువు కట్టి చూడుడు. ఏ నూనె యని అడిగి, మూత తీసి వాసన చూడుడు. తడిగుడ్డ పట్టుకొని ప్రక్కన నిలుచు తోడు ఎవడో పేరు చెప్పుమనుడు. తోడు లేనివానికి సెలవు లేదు. ఆ తోడు చూపరుల వరుసలో నుండరాదు, త్రిప్పువానిపైనే కన్నుంచవలయును. చివరగా, నిప్పులేకుండ తన విద్యను మీ యెదుట చూపుమనుడు. గుడ్డమూటలో కందులు పోసి, నూనె త్రాగిన వత్తికి సరితూగు బరువు చేసి, అదే గొలుసుకు కట్టి, పది నిమిషములు త్రిప్పుమనుడు. మూట తనకు తగులకుండ త్రిప్పగలిగిననాడు నిప్పుకు అర్హుడు. తగిలినచో వాని కోపము మీపై నుండనిండు, మచ్చ వాని చేతిపై లేకుండును.

ఎంత జాగరూకత వహించినను చర్మము కాలినచో, సిరా, పేడ, పండ్లపొడి, వెన్న మొదలగునవి పూయకుడు. చల్లని శుభ్రమైన నీటిధార క్రింద 20 నిమిషములు పట్టియుంచి, పిదప శుభ్రమైన గుడ్డ కప్పి, వైద్యునికడకు తీసికొనిపొండు. బట్టకు నిప్పంటుకొనినవాడు పరుగెత్తరాదు. నేలపై పండుకొని దొర్లవలయును, తోడు తడిగుడ్డ కప్పవలయును.

పెద్దలారా! యువకులకు నిప్పుపై మోజు సహజము. ఆ మోజును విద్యగా మార్చుట పెద్దల పని. కఱ్ఱసాము గురువు శిష్యుని చేతికి మొదట కఱ్ఱ నెన్ని యిచ్చును. అటులే నిప్పు త్రిప్పువానికి మొదట వత్తి నెన్ని యియ్యవలయును. నూనె కాలవలయును, వత్తి కాలరాదు, చేయి అసలే కాలరాదు. ఈ మూడును నెఱవేఱిన నాడు జాతరలో ఆ నిప్పుచక్రమును మీరు ముందువరుసలో గాకున్నను, ఇరువది అడుగుల దూరమున కూర్చుండి, మనుమలతో కలిసి నిశ్చింతగా చూడవచ్చును.